దండకు పిడకలు, పొయ్యికి పిడకలు

ధనుర్మాసం పట్టిందంటే చాలు, మన పల్లెల్లో పిల్లల చేతులకు పేడ వాసన పట్టుకొంటుంది. తెల్లవారుజామున తల్లులు వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గులు పెడుతూ వుంటే, పిల్లలు తట్ట పట్టుకొని ఆవుల వెనుక తిరుగుతారు. గొబ్బెమ్మలకని కొందరు, భోగి దండలకని కొందరు. కోస్తా జిల్లాలలో యీ దండల ముచ్చట యెక్కువ. తెలంగాణా వైపు సంక్రాంతి ముగ్గు నడుమ గొబ్బెమ్మను నిలిపి, దానిమీద నవధాన్యాలు, రేగుపండ్లు, చెరకు ముక్కలు, గరిక, పిండికూర పెట్టి అలంకరిస్తారు. ఇక మంట సంగతికి వస్తే, కాముని పున్నమికి పిల్లలు యిల్లిల్లూ తిరిగి కట్టెలూ పిడకలూ పోగుచేస్తారు. అడిగితే యివ్వని యింటి పిడకలు తెల్లారేసరికి కుప్పలో వుండవన్న సంగతి మీరెరుగనిది కాదు.

రైతు సోదరులారా, గృహిణులారా! పిడక గురించి చరిత్ర చెబుతానంటే నవ్వుతారేమో. "రామాయణంలో పిడకల వేట" అనే సామెత ఉండనే ఉన్నది. అయినా కాస్త ఓపిక పట్టండి. పిడక చిన్న వస్తువే గాని, దాని వెనుక మన పొయ్యి చరిత్రా, పొలం చరిత్రా రెండూ ఉన్నవి.

ముందుగా దండ సంగతి చూద్దాం. భోగి పిడకకు గట్టి పేడ కావాలి. పచ్చిమేత మేసిన పశువు పేడ జారుగా వుంటుంది, ఎండితే పగులుతుంది. ఎండుచొప్ప తిన్న పశువు పేడ అయితే చేతికి నిలుస్తుంది. అందులో గుప్పెడు పొట్టు కలిపి మెత్తగా పిసకాలి. నిమ్మకాయంత ఉండ తీసుకొని, అరచేతిలో గారె తట్టినట్లు తట్టి, నడుమ పుల్లతో చిల్లు పెట్టాలి. ఇష్టమున్నవారు తడి ఆరకముందే బంతి రేకులు అద్దుతారు, పసుపు కుంకుమ బొట్లు పెడతారు. రెండు రోజులకు పైభాగం ఆరుతుంది, అప్పుడు తిరగెయ్యాలి. తిరగెయ్యకపోతే అడుగు చెమ్మ అట్లాగే నిలిచి బూజు పడుతుంది. వారం పది రోజులు ఎండబెట్టి, గోగునారతోనో జనుపతాడుతోనో గుచ్చితే దండ తయారు. భోగినాడు తెల్లవారకముందే పిల్లలు తమ తమ దండలను మంటలో వేస్తారు.

అలంకారమంతా మంటపాలు చేయడమేమిటని కొత్తవారికి అనిపించవచ్చు. కాని చూడండి, ఆ చిన్న పిడకలో నిప్పు రాజేసే వస్తువుకు కావలసిన గుణాలన్నీ ఉన్నవి. పలుచన గనుక పూర్తిగా ఎండుతుంది. నడుమ చిల్లుండడం వల్ల గాలి ఆడుతుంది. పశువు గడ్డిని నమిలి, నెమరువేసి, కడుపులో నానబెట్టి సన్నని పీచు చేసి యిచ్చింది. ఆ పీచు నిప్పును పట్టుకొని వదలదు. తాటాకు భగ్గున మండి ఆరిపోతుంది. మోటుకట్టె అంత తొందరగా అంటుకోదు. ఆ రెంటికీ మధ్య నిలిచి, ఆకు మంటను కట్టెకు అందించేది పిడక. మన పెద్దవాళ్ళు పిల్లల ఆటలో పెట్టి నేర్పిన విద్య యిది.

అగ్గిపెట్టె లేని రోజుల్లో యీ విద్య విలువ యెంతో ఆలోచించండి. మన దేశంలో శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైనది 1923లో. అంతకు ముందు స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ దిగుమతి అయ్యేవి. అవి రాని రోజుల్లో చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది, యీ మూడూ సంచిలో వేసుకొని తిరిగేవారు. చెకుముకి కొట్టడం మాటలతో అయ్యే పని కాదు. అందుచేత యింట్లో నిప్పు ఆరకుండా కాపాడుకోవడమే తెలివి. రాత్రి వంట అయిన తర్వాత ఒక పిడకను పొయ్యిలో పెట్టి బూడిద కప్పితే తెల్లవారేదాకా కనకన లాడుతూ వుండేది. నివురు గప్పిన నిప్పు అంటే అదే. పొయ్యి ఆరిపోయిన యిల్లాలు పక్కింటికి పిడక ముక్క పట్టుకొని పోయి నిప్పు అంటించుకొని వచ్చేది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడన్న సామెత పుట్టింది, నిప్పు అడుక్కోవడం నిత్యమూ జరిగే పని గనుకనే గదా! ఇక దాలి సంగతి సరేసరి. దాలిలో పిడక సెగ మీద పగలంతా కాగిన పాలకు వచ్చే ఎర్రని మీగడ, ఆ నెయ్యి వాసన యెరిగినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మనం హయత్‌నగర్ పోదాం. చార్మినారుకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, విజయవాడ పోయే దారిమీద వున్న ఊరు అది. గోలకొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకులు పోయే పాత దారి కూడా అటే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరనే ఊరికి ఆ పేరు వచ్చింది. ఆమె 1667లో మరణించింది. అక్కడి మసీదు అబ్దుల్లా కుతుబ్‌షా కాలం నాటిది. దాని చుట్టూ బాటసారులు దిగడానికి కమాన్ల వరుసలో నూరుకు పైగా గదులతో సరాయి కట్టించారు. దగ్గరలోనే యేనుగు బావి అని పేరుపడ్డ పెద్ద దిగుడు బావి ఉన్నది.

ఆ సరాయిని మనం నవాబుల కట్టడంగా చూస్తాం. రైతు కంటితో చూస్తే మరొకటి కనబడుతుంది. ఎద్దుల మీద సరుకు వేసుకొని బిడారులు దిగిన చోట సాయంత్రానికి నూరు పొయ్యిలు వెలగాలి. పక్కనే చెట్టు చేమ తక్కువైన చెలక నేల. రేపు వచ్చే బిడారుకూ కట్టె కావాలి, ఎల్లుండి వచ్చేదానికీ కావాలి. దారిపొడవునా యెక్కడ చూసినా దొరికేది ఆ యెద్దులు వేసిన పేడే. ఏరు పిడక పుట్టింది యిట్లాంటి దారుల్లోనే. ఎవరూ తట్టనక్కరలేదు. ఎండకు దానంతటదే ఎండుతుంది, ఏరుకొన్నవారిది. ఇప్పుడు వనస్థలిపురం అంటున్న ప్రాంతంలో అడవి వుండేది నిజమే. కాని అది నిజాముల వేట అడవి. వేట అడవిలోకి ఊరివారు గొడ్డలి భుజాన వేసుకొని పోయే వీలుంటుందా? ఆ అడవినే 1975లో మహావీరుని నిర్వాణానికి 2500 యేండ్లు నిండిన సందర్భంలో ఆయన పేర హరిణ వనస్థలిగా చేశారు. నేడు అది జాతీయ ఉద్యానవనం.

పిడకల మంట అంతకంటె చాలా పాతది. బళ్ళారి, అనంతపురం, రాయచూరు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలలో బూడిద దిబ్బలు ఉన్నవి. కొన్నిచోట్ల బూడిద కరిగి గాజు చిట్టెంలాగా గడ్డకట్టి వుంటుంది. హంపీ దగ్గర నింబాపురంలో వున్న దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా జనం చెప్పుకొనేవారు. గత శతాబ్దానికి ముందే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ యిటువంటి దిబ్బలను పరిశీలించి, ఇది కాలిన పేడ అన్నాడు. 1960 ప్రాంతంలో లండన్‌లో జాయ్‌నర్ అనే పండితుడు ఆ బూడిదను పరీక్షించి అదే మాట రుజువు చేశాడు. అంటే నిజంగానే రామాయణంలో పిడకలు దొరికినవన్న మాట! పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊట్నూరు వద్ద (ఆదిలాబాదు ఊట్నూరు వేరు) ఆల్చిన్ అనే ఆంగ్ల పురాతత్త్వజ్ఞుడు 1957లో తవ్వించినప్పుడు, బూడిద పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డవి. గుంజలు పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్ళు కూడా కనబడ్డవి. నాలుగు వేల యేండ్లకు పైబడిన దొడ్డి అది. ఏండ్ల తరబడి పేరుకొన్న పేడను అప్పుడప్పుడు తగలబెట్టేవారనీ, ఆ మంటలకూ, మన సంక్రాంతి, కాముని పున్నమి మంటలకూ సంబంధం ఉండవచ్చుననీ ఆల్చిన్ ఊహించాడు. ఊహే అయినా నాకు అది నచ్చుతుంది. పశువుల మందకు మంట దాపున పండుగ చేయడమనేది పశువే సంపద అయిన జనానికి సహజమైన పని.

అయితే ఆ దొడ్డివారికీ మనకూ ఒక పెద్ద తేడా ఉన్నది. వారికి పేడ ఎక్కువ, పొలం తక్కువ. మనకు పొలం ఉన్నది, పేడే చాలదు. కథ అడ్డం తిరిగింది యిక్కడే.

1889లో వోల్కర్ అనే ఆంగ్ల వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తను యీ దేశపు సేద్యం పరిశీలించడానికి పంపించారు. ఆయన దేశమంతా తిరిగి 1893లో పెద్ద నివేదిక అచ్చువేయించాడు. వచ్చిన దొరలలో చాలామంది "హిందూ దేశపు రైతు తెలివితక్కువవాడు, బంగారంలాంటి ఎరువును కాల్చుకొంటాడు" అని తేల్చేసి పోయేవారు. వోల్కర్ ఆ మాట అనలేదు. రైతుకు ఎరువు విలువ తెలియక కాదు, కట్టె దొరకక పేడ కాలుస్తున్నాడు, కట్టె చూపించండి, పేడ దానంతటదే పొలానికి పోతుంది అన్నాడు. అందుకోసం ఊళ్ళ దగ్గర వంటచెరకు, పశుగ్రాసం కోసమే వనాలు పెంచమని సలహా యిచ్చాడు. నూటముప్పై యేండ్లు దాటిపోయిన ఆ మాటలో యీనాటికీ తీసివేయవలసినదేమీ నాకు కనబడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పలకా బలపం అక్కరలేదు, వేళ్ళమీద చేసే లెక్కే. దండకు యాభై పిడకలు, పిడక ఎండిన తర్వాత పది గ్రాములు అనుకోండి. మొత్తం అర కిలో. పచ్చి పేడలో అయిదింట నాలుగు పాళ్ళు నీరే గనుక, రెండున్నర కిలోల పచ్చిపేడ చాలు. ఒక పశువు రోజుకు సుమారు పది కిలోలు వేస్తుంది. పిల్లవాడి దండ ఆ పశువు ఒకపూట వేసే పేడలో సగం. ఏడాదికొకసారి. దీన్ని యెవరు కాదంటారు?

ఇక పొయ్యి. రోజుకు అయిదు కిలోల పిడకలు కాల్చే యిల్లు అనుకోండి. అది పాతిక కిలోల పచ్చిపేడ. ఏడాదికి తొమ్మిది టన్నులు. పెంటగుంటలో వేస్తే బాగా చివికి సగం మిగులుతుంది, నాలుగున్నర టన్నులు. మెట్ట పైరుకు ఎకరానికి నాలుగు టన్నులు తోలమని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే ఒక పొయ్యి ఏటా ఒక ఎకరం పెంటను తింటున్నదన్న మాట. పశువుల ఎరువు టన్నులో అయిదు కిలోల వరకు నత్రజని వుంటుంది. ఆ లెక్కన యిరవై రెండు కిలోల నత్రజని పొగగొట్టాన పోయింది. ఒక యూరియా బస్తాలో వుండేది యించుమించు అంతే. బూడిదలో భాస్వరం, పొటాష్ మిగులుతాయి. నత్రజని మాత్రం పోయినట్టే.

"అయితే ఒక బస్తా కొని చల్లుతాం, బాధేమిటి?" అంటారు. బస్తాలో నత్రజని ఉన్నది, పెంటలో వుండే సేంద్రియ పదార్థం లేదు. హయత్‌నగర్ చుట్టుపక్కల ఎర్ర చెలకలు మీరు చూసే వుంటారు. వాన పడగానే పై పొర గట్టిగా పొలుసు కడుతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే చెమ్మ వుండదు. జొన్న, కంది, ఆముదం రెండు వానల నడుమ బెట్టకు తట్టుకోవాలంటే నేలలో చివికిన పెంట వుండి తీరాలి. నీరు పట్టే గుణం బస్తాలో అమ్మరు.

పైగా యింత ఖర్చుపెట్టి మనం పొందే వేడి యెంత? కిలో పిడకలో సుమారు 2,100 కిలో కేలరీలు, కట్టెలో 4,700. మామూలు మట్టిపొయ్యిలో పిడక వేడి నూటికి పదకొండు పాళ్ళే గిన్నెకు అందుతుంది. మిగతాది పొగా, గోడలూ, యిల్లాలి కళ్ళూ పంచుకొంటాయి.

ఒక మాట యిక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. పేడను పొలానికి తోలండి అనే బోధ పొలం ఉన్నవారికే వర్తిస్తుంది. బీడు భూముల్లో తట్ట నెత్తిన పెట్టుకొని ఏరు పిడకలు ఏరుకొనే ఆడమనిషికి తోలడానికి పొలమేది? ఆమెకు పిడకే వంటచెరకు, అమ్ముకొంటే పిడకే కూలి. ఎరువుల మీద వచ్చిన ప్రసంగాలలో యీమె మాట నేను వినడం అరుదు. ఆమె పొయ్యికి మరొక దారి చూపకుండా పిడకను తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు.

దారులు వెతికినవారు మన హైదరాబాదులోనే ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టరు ఎస్. పి. రాజు మట్టితోనే పొగలేని పొయ్యి రూపొందించాడు. మంట బయటికి పోకుండా మూసివున్న గాడి, దానిమీద వరుసగా గిన్నెలు, చివర పొగగొట్టం. 1953లో దాని మీద ఆయన పుస్తకం కూడా వచ్చింది. హెర్ల్ చుల్లా అని దేశమంతా దాని పేరు పాకింది. పొగగొట్టం నెలకోసారి దులపకపోతే మసి పట్టి పొగ మళ్ళీ యింట్లోకే వస్తుంది. పిడకలు కాల్చే చోట యిది మరీ తొందరగా జరుగుతుంది. పేడ నుంచి మంటా ఎరువూ రెండూ రాబట్టే ఉపాయం గోబర్ గ్యాసు. 1939లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధనా సంస్థలో దేశాయి మొదలుపెట్టిన ప్రయోగాలను జష్‌భాయ్ పటేల్ ముందుకు తీసుకుపోయాడు. 1960ల తొలినాళ్ళలో ఖాదీ కమిషన్ చేపట్టింది, 1981లో జాతీయ పథకమైంది. మంచిదే, కాని రెండు ఘనపు మీటర్ల గ్యాసు రావాలంటే రోజూ యాభై కిలోల పేడ కావాలి. నాలుగైదు పశువులు కొట్టంలో లేనివారికి అది పనికిరాదు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు యిచ్చారు, 2016లో ఉజ్జ్వల వచ్చింది. సిలిండరు ఖాళీ అయిన వారం మళ్ళీ మట్టిపొయ్యి రాజుకొనే యిళ్ళు పల్లెల్లో యింకా ఉన్నవి.

హయత్‌నగర్ మాత్రం పల్లెగా మిగలలేదు. 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఎల్.బి.నగర్ దాకా మేడలే. భోగి పిడకలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి దుకాణాల్లో అమ్ముతున్నారు, పిల్లవాడికి పేడ ముట్టే పనే లేదు. చెలక నేల చూడాలంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ వారి హయత్‌నగర్ క్షేత్రానికి పోవాలి. 1970లో అఖిల భారత సమన్వయ పథకంగా మొదలైన పని 1985లో సంస్థ అయింది. అక్కడ గట్ల మీద గ్లైరిసిడియా చెట్లను వరుసగా పెంచి చూపించారు. కొమ్మ నాటినా బతికే చెట్టు అది. ఆకు తెంపి చెలకలో వేస్తే నత్రజని, పుల్ల ఎండబెట్టుకొంటే పొయ్యికి. పాపం వోల్కరు వనం పెంచమన్నాడు. వనానికి చోటు లేని రైతుకు గట్టు ఉండనే ఉన్నది.

కాబట్టి యీ యేడు దండ చేసేటప్పుడు మీరూ ఒక పని చేసి చూడండి. పిల్లలకు దండకు కావలసిన పేడ యివ్వండి, తగ్గించకండి. రోజూ పొయ్యి రాజేయడానికి మాత్రం పిడక బదులు వేరే కట్టలు కట్టుకోండి. మొక్కజొన్న బెండ్లు బాగా ఎండబెట్టి, చుట్టూ కొబ్బరి పీచు చుట్టి, ఎండు తాటాకు ముక్కతో గోగునార ముడి వేస్తే చేతికి చక్కగా అమరే కట్ట వస్తుంది. కంది పుల్లలు, ఆముదపు కట్టె జానెడు ముక్కలు కోసి నడుమ పెట్టవచ్చును. పిల్లలకిస్తే వాటికీ బంతిపూలు చెక్కుతారు, వద్దనకండి. పొడి చోట అటకమీద పెట్టుకోండి. వానాకాలంలో వీటి విలువ తెలుస్తుంది. పురుగుమందు కొట్టిన పత్తికట్టెను మాత్రం వంటపొయ్యిలో పెట్టవద్దు.

భోగిమంట ఆరిన మరునాడు బూడిదను జల్లెడ పట్టి తీసుకోండి. పెరట్లో చిక్కుడు పాదుకు ఆ రోజుల్లో పేనుబంక పడుతుంది. పొద్దున్నే ఆకు మీద మంచు తడి వుండగా ఆ బూడిదను గుడ్డలో మూటకట్టి పలుచగా దులపాలి, రెండు మూడు రోజులు వరుసగా. రథసప్తమి నాటికి కాయ నిలిస్తే, ఆ చిక్కుడుకాయలతోనే పిల్లలు రథం కడతారు. పాలు పొంగించడానికి గొబ్బెమ్మలు తట్టిన పిడకలు నాలుగు ముందే తీసి పక్కన పెట్టుకోండి.